ప్యాటియోకి సిటీ డిజైన్ రివ్యూ: రెస్టారెంట్ యజమానులకి మొదటి కొలత నుంచి చివరి తనిఖీ దాకా

అమెరికాలో రెస్టారెంట్ నడిపే మనవాళ్లు తలుపు ముందున్న ఖాళీ జాగాలో నాలుగు బల్లలు వేసి ప్యాటియో (బయట కూర్చుని తినే చోటు) చేద్దామనుకున్నప్పుడు ముందు ఫర్నిచర్ చూస్తారు, తర్వాత కాంట్రాక్టరుని పిలుస్తారు. సిటీ పర్మిషన్ సంగతి గుర్తొచ్చేసరికి గొడుగులకి అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. ఇక అక్కడి నుంచి టెన్షన్. డిజైన్ రివ్యూ అని, ప్యాటియో వీధిలోకి ఎలా కనిపిస్తుందో సిటీ చూసే పరిశీలన ఒకటుందట, దానికోసం సిటీ పెట్టిన బోర్డు ముందు నిలబడాలట, గొడుగు రంగు కూడా వాళ్లే చెప్తారట అని.

నేను రెస్టారెంట్లకి పర్మిట్ డ్రాయింగులు గీస్తాను. ఈ పనిని ఒక వరసలో చేసుకుపోతే అంత భయపడాల్సిందేమీ లేదు. వరస తప్పితే మాత్రం ఒక వేసవి మొత్తం చేతికి రాకుండా పోతుంది. గడువులు, ఫీజులు ఊరూరికీ మారతాయి, అవి మీ సిటీ హాల్లోనే అడగాలి. వరస మాత్రం దాదాపు అన్నిచోట్లా ఇదే.

కాగితం పట్టుకోకముందే ఒక పని చేయండి. వీధి దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి మీ రెస్టారెంట్‌ని పది నిమిషాలు చూడండి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ఎవరు నడుస్తున్నారు, స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చేవాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, బస్సు కోసం జనం ఎక్కడ నిలబడుతున్నారు, మీ గోడ మీద ఏ దీపం కళ్లలో పడుతోంది, అన్నీ రాసుకోండి. బోర్డు మీ ప్యాటియోని చూసేది అక్కడి నుంచే. కుర్చీలో కూర్చునేవాళ్లకి ఎంత హాయిగా ఉంటుందో యజమాని ఆలోచిస్తాడు. పక్క నుంచి నడిచిపోయేవాళ్ల తరఫున ఆలోచించడానికే రివ్యూ ఉంది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు జాగా ఎవరిదో తేల్చుకోండి

ముందు కనిపించే కాంక్రీటంతా మీ లీజులో ఉందనుకోకండి. పాత డౌన్‌టౌన్ వీధుల్లో చాలాచోట్ల గోడ అంచుతోనే స్థలం హద్దు అయిపోతుంది, ఆ తర్వాతదంతా సిటీ రైట్ ఆఫ్ వే, అంటే జనం రాకపోకలకి సిటీ చేతిలో ఉన్న జాగా. అందులో బల్లలు వేయాలంటే డిజైన్ రివ్యూతో పాటు సైడ్‌వాక్ (ఫుట్‌పాత్) కేఫ్ పర్మిట్ గానీ ఎన్‌క్రోచ్‌మెంట్ పర్మిట్ (సిటీ జాగాని వాడుకునే అనుమతి) గానీ కావాలి. మీ మెయిన్ స్ట్రీట్ రాష్ట్ర హైవే కూడా అయితే రాష్ట్ర రవాణా శాఖని కూడా అడగాల్సి రావచ్చు. స్ట్రిప్ మాల్ అయితే ఆ జాగా ల్యాండ్‌లార్డ్‌ది, మిగతా షాపులవాళ్లకి కూడా దాని మీద హక్కులు ఉండొచ్చు.

కాబట్టి ల్యాండ్‌లార్డ్ దగ్గర సర్వే కాపీ అడగండి, హద్దు గీత ఎక్కడుందో చూడండి. అదే రోజు ఆయన సమ్మతి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. అప్లికేషన్ మీద స్థలం యజమాని సంతకం లేకపోతే చాలా ఊళ్లలో కౌంటర్ దగ్గరే వెనక్కి ఇచ్చేస్తారు.

పార్కింగ్ గళ్లు తీసేసి ప్యాటియో చేద్దామనుకుంటే, కోడ్ ప్రకారం మీ భవనానికి ఎన్ని గళ్లు ఉండాలో ముందు లెక్క చూసుకోండి. వికలాంగుల గడిని, దాని పక్కన చారలు గీసి ఉన్న జాగాని మాత్రం ముట్టుకోవద్దు.

మీ కేసు ఏ దారిలో వెళ్తుందో కనుక్కోండి

జోనింగ్ వేరు, డిజైన్ రివ్యూ వేరు. ఇక్కడ ప్యాటియో ఉండొచ్చా, ఎన్ని గంటల దాకా, ఎన్ని సీట్లు అనేది జోనింగ్ చూస్తుంది. ఉండొచ్చని తేలాక అది ఎలా కనిపించాలి, వీధితో ఎలా కలవాలి అనేది డిజైన్ రివ్యూ చూస్తుంది. మొదటిది తేలకుండా రెండోదానికి డబ్బు పెట్టకండి.

డిజైన్ రివ్యూ కూడా ఒకే రకం కాదు. చిన్న ప్యాటియోలని చాలాచోట్ల సిటీ ప్లానరే ఆఫీసులో చూసి ఆమోదిస్తారు. పెద్దవి, మెయిన్ స్ట్రీట్ మీదవి బోర్డుకి వెళ్తాయి. మీ భవనం హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో (పాత భవనాల్ని కాపాడటానికి గుర్తించిన ప్రాంతంలో) ఉంటే దారి మళ్లీ వేరు. సౌత్ కరొలైనాలోని చార్ల్స్‌టన్ 1931లోనే ఇలాంటి డిస్ట్రిక్ట్‌కి చట్టం చేసి, బయటి మార్పులు చూడటానికి బోర్డు పెట్టింది. ఇప్పుడు దేశమంతటా అలాంటి బోర్డులున్నాయి. అవి ముఖ్యంగా అడిగేది ఒకటే: రేపు ఈ ప్యాటియో తీసేస్తే భవనం మళ్లీ ఎప్పటిలాగే ఉంటుందా? అందుకే పాత ఇటుక గోడకి రైలింగ్ గానీ షేడ్ గానీ బిగించాల్సి వస్తే డ్రిల్లు ఇటుకలో వేయకండి, ఇటుకల మధ్య సున్నం అతుకులో వేస్తామని డ్రాయింగ్‌లో రాయండి. అతుకుని మళ్లీ నింపొచ్చు, పగిలిన పాత ఇటుకకి జత దొరకదు. ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే మీరు ఆ భవనాన్ని పట్టించుకున్నారని బోర్డుకి అర్థమవుతుంది.

2020లో కోవిడ్ సమయంలో తాత్కాలిక అనుమతితో బల్లలు వేసినవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ అనుమతులు శాశ్వతం కావు. న్యూయార్క్ సిటీ 2023లో కొత్త చట్టం చేసి, రోడ్డు మీద వేసే కేఫ్‌లకి ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 29 దాకా అని సీజన్ పెట్టింది. మీ ఊళ్లో ఇప్పుడు ఏ నియమం నడుస్తోందో చూసుకోండి.

ఇవన్నీ తేల్చుకోవడానికి మంచి మార్గం ప్రీ అప్లికేషన్ మీటింగ్, అంటే దరఖాస్తు పెట్టకముందే ప్లానర్‌ని కలవడం. పూర్తి డ్రాయింగులు అక్కర్లేదు. ఒక స్కెచ్, నాలుగు ఫోటోలు, సర్వే కాపీ చాలు. ప్లానర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఆఫీసులో తేలుతుందా, బోర్డుకి వెళ్తుందా? ఏ గైడ్‌లైన్స్ (డిజైన్‌కి సిటీ రాసిపెట్టిన ప్రమాణాలు) వర్తిస్తాయి? ఈ మధ్య ఆమోదం పొందిన ప్యాటియో ఫైలు ఏదైనా చూడొచ్చా? మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఆ ఫైళ్లు పబ్లిక్ రికార్డు, అడిగితే చూపిస్తారు. బోర్డు పోయినసారి ఏ షరతులు పెట్టిందో చదివితే ఈసారి ఏం అడగబోతోందో సగం తెలిసిపోతుంది.

గైడ్‌లైన్స్‌ని పెన్నుతో చదవండి

"పరిసరాలతో పొంతన ఉండాలి", "వీధికి తెరిచి ఉన్నట్టు కనిపించాలి" లాంటి వాక్యాలు కనిపిస్తాయి. అవి చదివి చాలామంది ఇదంతా వాళ్ల ఇష్టం కదా అని నిరాశపడతారు. పూర్తిగా వాళ్ల ఇష్టం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇస్సాక్వా అనే ఊళ్లో ఒక దరఖాస్తుదారుని రంగులు మార్చు, ముఖభాగం మార్చు అని తిప్పి తిప్పి చివరికి కాదన్నారు. 1993లో అప్పీల్స్ కోర్టు ఆ నియమాలు మరీ అస్పష్టంగా ఉన్నాయని, ఏం చేస్తే సరిపోతుందో మనిషికి తెలిసేలా లేవని తేల్చింది. అదే రాష్ట్రం 2023లో డిజైన్ రివ్యూకి స్పష్టమైన, ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడని ప్రమాణాలే ఉండాలని చట్టం కూడా చేసింది. కోర్టుకి వెళ్లమని ఈ సంగతి చెప్పడం లేదు. రాసి ఉన్న ప్రమాణాల మీదే బోర్డు మాట్లాడాలి, మీరు కూడా వాటి మీదే మాట్లాడాలి.

ప్రతి గైడ్‌లైన్ పక్కన మీ ప్యాటియోలో దానికి జవాబేమిటో ఒక్క వాక్యం రాయండి. జవాబు లేని చోట గుండ్రంగా గీత పెట్టండి. ఆ గీతలే మీరు డిజైన్ చేయాల్సిన పని.

కొలతలు: ఇక్కడ ఎంత సమయం పెట్టినా తక్కువే

నా మొదటి ప్యాటియో కేసు ఇక్కడే దెబ్బతింది. యజమాని వయసులో నాకంటే పెద్దాయన, నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. పద్నాలుగు బల్లలు పట్టించమన్నారు, పట్టించాను. కుర్చీలన్నీ బల్ల కిందకి తోసి, నీట్‌గా గీశాను. హియరింగ్ (బోర్డు జరిపే బహిరంగ విచారణ) రోజు బోర్డులో ఒకావిడ డ్రాయింగ్ చూసి, "ఈ కుర్చీల్లో మనుషులు కూర్చుంటే ఎక్కడిదాకా వస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మనిషి కూర్చున్నప్పుడు కుర్చీ వెనక్కి జరుగుతుంది, లేచేటప్పుడు ఇంకా జరుగుతుంది. ఆ జరిగిన మేరంతా నేను నడిచేవాళ్లకి వదిలానని చెప్పిన దారిలో ఉంది. కేసు తర్వాతి నెలకి వాయిదా పడింది. బయటికొచ్చాక ఆయన, "పోన్లే తమ్ముడూ, ఈ ఎండాకాలం లోపలే వడ్డిద్దాం" అన్నారు. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ముందు చాక్‌పీసుతో నేల మీదే గీస్తాను. రెస్టారెంట్‌లో ఉన్న బల్ల ఒకటి, కుర్చీలు రెండు బయటికి తెచ్చి వేయండి. ఇద్దరిని కూర్చోబెట్టండి, లేవమనండి. కుర్చీ వెనక కాళ్లు ఆగిన చోట గీత గీయండి. మీ ప్యాటియో అంచు అది. తర్వాత సర్వర్‌ని ప్లేట్లు పట్టుకుని నడవమనండి. అప్పుడు దొరికిన కొలతలే కాగితం మీదకి రావాలి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. వీల్‌చెయిర్ వెళ్లే దారి ఏడీఏ (వికలాంగుల హక్కుల ఫెడరల్ చట్టం) ప్రమాణాల ప్రకారం కనీసం 36 అంగుళాల వెడల్పు ఉండాలి. ప్యాటియో లోపలికి ఇది కనీసం. బయట సైడ్‌వాక్ మీద వదలాల్సిన దారి సిటీ చెప్పినంత, అది సాధారణంగా దీనికంటే బాగా ఎక్కువే ఉంటుంది. ఆ కొలత చెట్టు, దీపస్తంభం, పార్కింగ్ మీటర్ వంటి అడ్డంకి నుంచి తీస్తారు. కర్బ్ (రోడ్డు పక్క గట్టు) అంచు నుంచి టేపు పట్టి సంతోషపడకండి.

సీట్లలో కనీసం 5 శాతం వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి పనికొచ్చేవి కావాలి. 40 సీట్లకి రెండు. ఆ బల్ల పైభాగం నేల నుంచి 28 నుంచి 34 అంగుళాల మధ్య ఉండాలి, కింద మోకాళ్లకి 27 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి. మధ్యలో లావుపాటి స్తంభం ఉన్న బల్లలు, బెంచీ అతికించి ఉన్న పిక్నిక్ బల్లలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. ఆ రెండు సీట్లనీ ఒక మూలకి, చెత్తడబ్బా పక్కకి నెట్టకండి. మంచి చోట వేయండి. అమ్మానాన్నల్ని వీల్‌చెయిర్‌లో భోజనానికి తీసుకొచ్చే కుటుంబాలకి అది ఎంత విలువైందో నేను దగ్గర నుంచి చూశాను.

ఆ సీట్ల దగ్గర నేల వాలు 48కి 1 మించకూడదు. పాత సైడ్‌వాక్‌లు నీరు పోవడానికి ఇంతకంటే ఎక్కువ వాలుగా ఉంటాయి, అందుకని డిజిటల్ లెవెల్ పెట్టి చూడండి. వాలు ఎక్కువని తేలితే డెక్ (నేల మీద సమంగా కట్టే వేదిక) వేయాల్సి రావచ్చు, డెక్ అంటే వేరే ఖర్చు, వేరే పర్మిట్.

బల్లలు, కుర్చీలు వేసే జాగాకి బిల్డింగ్ కోడ్ మనిషికి 15 చదరపు అడుగుల చొప్పున లెక్క కడుతుంది. 750 చదరపు అడుగులంటే 50 మంది. 50కి చేరితే బయటికి పోయే దారులు రెండు కావాలి. రైలింగ్‌తో మూసిన ప్యాటియోలో అంటే రెండో గేటు అన్నమాట. జాగా కొంచెం తగ్గించి 49 దగ్గర ఆగడం చాలాసార్లు తెలివైన పని. సీట్లు పెరిగితే టాయిలెట్ల సంఖ్య కూడా పెరగాలని అడిగే ఊళ్లున్నాయి, ఆ ప్రశ్న కూడా ప్రీ అప్లికేషన్ మీటింగ్‌లోనే అడిగేయండి.

రైలింగ్, గొడుగు, హీటర్, దీపం

బోర్డు ఎక్కువసేపు మాట్లాడేది రైలింగ్ గురించే. ఎత్తుగా, మూసేసినట్టున్న కంచె ఎవరికీ నచ్చదు. లోపల కూర్చున్నవాళ్లు కనిపిస్తూ, చేతికి గట్టిగా ఉండే సన్నటి ఇనుప రైలింగ్ దాదాపు ఎప్పుడూ ఆమోదం పొందుతుంది. తాళ్లు కట్టిన స్తంభాలు వద్దు. చూపులేనివాళ్లు చేతికర్రతో నేల తడుముతూ వస్తారు. తాడు పైన వేలాడుతుంటే కర్ర దాని కింద నుంచి పోతుంది, మనిషి తాడుకి తగులుకుంటారు. అడ్డంగా ఉండే కమ్మీ ఒకటి నేల నుంచి 27 అంగుళాల లోపు ఉండేలా చూడండి.

మద్యం వడ్డిస్తారా? రాష్ట్ర లైసెన్సు శాఖ ప్యాటియో హద్దు స్పష్టంగా ఉండాలని అడగవచ్చు. డిజైన్ బోర్డు తక్కువ కంచె కావాలంటుంది, లైసెన్సు శాఖ గట్టి హద్దు కావాలంటుంది. రెండు శాఖల మాటా ముందే విని ఒకే రైలింగ్ గీయండి.

గొడుగు పుల్ల చివర సైడ్‌వాక్ మీదకి రాకూడదు. వచ్చినా 80 అంగుళాల పైన ఉండాలి. బీరు కంపెనీ ఉచితంగా ఇచ్చే లోగో గొడుగుల్ని చాలా ఊళ్లు సైన్‌బోర్డుగా లెక్కపెడతాయి. ఒకే రంగు గుడ్డతో తీసుకోండి.

గ్యాస్ హీటర్ గురించి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడగాలి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ పాటించే ఊళ్లలో, కదిపే వీలున్న గ్యాస్ హీటర్ భవనానికి, షేడ్ గుడ్డకి, బయటికి పోయే దారికి 5 అడుగుల దూరంలో ఉండాలి. సన్నటి ప్యాటియోలో ఈ లెక్కతో హీటరుకి చోటే మిగలదు. అక్కడ గోడకి బిగించే కరెంటు హీటర్ మేలు.

దీపాలు పసుపు ఛాయలో, 3000 కెల్విన్ (వెలుగు ఛాయకి కొలత) లోపు, కిందకి మాత్రమే పడేలా పెట్టండి. వెనక అపార్ట్‌మెంట్ కిటికీలో వెలుగు పడితే అక్కడివాళ్లు హియరింగ్‌కి వస్తారు, రావాలి కూడా.

రాత్రి షాపు మూశాక కుర్చీలు ఎక్కడికి పోతాయి? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. గొలుసు వేసి సైడ్‌వాక్ మీద పేరుస్తామంటే కుదరదు. నిలవ చేసే జాగా ప్లాన్‌లో చూపించండి.

డ్రాయింగుల కట్ట

కట్టలో ఉండాల్సినవి: స్కేలుతో గీసిన సైట్ ప్లాన్, వీధి వైపు నుంచి ఎలివేషన్ (ఎదురుగా చూస్తే కనిపించే బొమ్మ), గోడ నుంచి కర్బ్ దాకా కోసినట్టు చూపించే సెక్షన్, ప్రతి వస్తువుకీ తయారీదారు కాగితం, రంగుల నమూనాలు, నాలుగు వైపులా ఫోటోలు. వీటిలో కేసుని నిలబెట్టేది సెక్షన్. గోడ, కూర్చున్న మనిషి, వెనక్కి జరిగిన కుర్చీ, రైలింగ్, నడిచే మనిషి, చెట్టు, కర్బ్ అన్నీ ఒక్క బొమ్మలో వరసగా, మధ్య దూరాలు అంకెల్లో. ఈ బొమ్మ ఉంటే మాటలు తగ్గుతాయి. కుర్చీల్ని ఈసారి వెనక్కి లాగే గీయండి. ఇంకో బొమ్మ చీకటి పడ్డాక ఎలా ఉంటుందో చూపించాలి. కంప్యూటర్ రెండరింగ్‌కి డబ్బు పెట్టలేకపోతే, వీధి అవతల నుంచి తీసిన రాత్రి ఫోటో మీద పెన్నుతో గీసినా పనికొస్తుంది.

నోటీసు రాకముందే పక్కవాళ్ల తలుపు తట్టండి

బోర్డుకి వెళ్లే కేసులకి సిటీ చుట్టుపక్కలవాళ్లకి నోటీసు పంపుతుంది. మీ ప్యాటియో గురించి వాళ్లకి మొదట చెప్పేది ఆ కాగితం కాకూడదు. పక్క షాపువాళ్లు, పై అంతస్తులో ఉండేవాళ్లు, వెనక ఇళ్లవాళ్లు, అందరి దగ్గరికీ డ్రాయింగ్ పట్టుకుని మీరే వెళ్లండి. వాళ్లు ముందు అడిగేది చప్పుడు గురించే. బయట స్పీకర్లు పెట్టబోమని, ఇన్ని గంటలకి మూసేస్తామని అప్లికేషన్‌లో మీరే రాసేయండి. బోర్డు పెట్టే షరతు కంటే మీరు ముందుగా ఇచ్చిన మాటకి మర్యాద ఎక్కువ.

బోర్డు సభ్యుల్ని మాత్రం విడిగా కలవకండి, ఫోన్ చేయకండి. గుళ్లో పరిచయమైనా సరే, కేసు నడుస్తున్నన్నాళ్లు ఆ మాట ఎత్తకండి. చాలాచోట్ల దాన్ని తప్పుగా చూస్తారు, ఆ సభ్యుడు మీ కేసు నుంచి తప్పుకోవాల్సి రావచ్చు.

స్టాఫ్ రిపోర్ట్, హియరింగ్

హియరింగ్‌కి కొన్ని రోజుల ముందు ప్లానర్ రాసిన స్టాఫ్ రిపోర్ట్ బయటికొస్తుంది. దాన్ని ఆ రాత్రే చదవండి. చివర్లో షరతుల జాబితా ఉంటుంది, అసలు సరుకంతా అక్కడే. ఏదైనా షరతు మీకు కుదరకపోతే వెంటనే ప్లానర్‌కి ఫోన్ చేసి కారణం చెప్పండి, బదులుగా ఏం చేయగలరో కూడా చెప్పండి. హియరింగ్ లోపే మాట మారితే అందరికీ మంచిది.

హియరింగ్‌లో యజమాని మాట్లాడాలి, ఆర్కిటెక్ట్ పక్కన ఉండాలి. ఇంగ్లీషు యాస గురించి మొహమాటపడకండి. మీ వీధి గురించి మీరు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. సెక్షన్ బొమ్మ తెర మీద పెట్టి, నడిచేవాళ్లకి ఎంత దారి వదిలామో మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎన్నేళ్లుగా షాపు నడుపుతున్నారో, ఎంత కష్టపడ్డారో చెప్పాలనిపిస్తుంది. ఒక్క వాక్యంతో ఆపి ప్రమాణాల మీదకి రండి. ఎవరైనా వ్యతిరేకంగా మాట్లాడితే రాసుకోండి, మధ్యలో అడ్డుపడకండి. మీ వంతు వచ్చినప్పుడు ఒక్కోదానికీ డ్రాయింగ్ చూపిస్తూ జవాబివ్వండి.

బోర్డు ఆమోదించవచ్చు, షరతులతో ఆమోదించవచ్చు, వాయిదా వేయవచ్చు, తిరస్కరించవచ్చు. మాటలు తిరస్కారం వైపు వెళ్తున్నట్టు తోస్తే వాయిదా మీరే అడగండి. తిరస్కరించాక అదే దరఖాస్తు మళ్లీ పెట్టడానికి నెలల గడువు పెట్టే ఊళ్లున్నాయి. వాయిదా అయితే డ్రాయింగ్ సరిచేసుకుని అదే కేసు మీద తిరిగి వెళ్లొచ్చు.

ఆమోదం తర్వాత

అప్పీలు గడువు అయ్యేదాకా ఫర్నిచర్ ఆర్డర్ పెట్టకండి. తర్వాత బిల్డింగ్ పర్మిట్, సైడ్‌వాక్ పర్మిట్, సిటీ పేరు కూడా చేర్చిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, మద్యం లైసెన్సులో ప్యాటియోని కలపడం, హెల్త్ డిపార్ట్‌మెంట్, ఫైర్. ఇవి ఒకదాని వెనక ఒకటి చేస్తే నెలలు పడుతుంది, వీలైనవన్నీ ఒకేసారి పెట్టండి. ఆమోదించిన కుర్చీ మోడల్ దొరక్కపోతే దగ్గరగా ఉంది కదా అని వేరేది కొనకుండా ప్లానర్‌కి ఈమెయిల్ పంపి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

చివరి తనిఖీకి వచ్చినవాళ్లు టేపు పట్టి కొలుస్తారు. ఆ రోజు అన్నీ సరిగ్గానే ఉంటాయి. రెండు నెలలయ్యాక కుర్చీలు మెల్లగా బయటికి జరుగుతాయి, అప్పుడు ఫిర్యాదులు వస్తాయి. అందుకని సిటీ ఒప్పుకుంటే ప్యాటియో నాలుగు మూలల్లో నేల మీద చిన్న గుర్తులు వేయించండి. స్టాంపు వేసిన ప్లాన్ కాపీ ఒకటి హోస్ట్ స్టాండ్ దగ్గర ఉంచి, పొద్దున్నే బల్లలు వేసే కుర్రాడికి ఆ గుర్తులు మీరే చూపించండి.